పదిహేడో నంబరు

వానలు మొదలైన వారానికి మా వీధిలో పంచాయతీ వాళ్ళు బ్లీచింగ్ పొడి చల్లుతారు. తడి మట్టి మీద పడిన ఆ పొడి వాసన కిటికీలోంచి మెల్లగా లోపలికి వచ్చి, పరదాలను తాకి, వంటింటిదాకా చేరుతుంది. ఇంట్లో మిగతావాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం చేతిలో పని అట్లాగే పట్టుకుని నిలబడిపోతాను. ఆ వాసనలో నాకు ఇరవై నాలుగేళ్ళు. మొయినాబాద్ దాటి చేవెళ్ళ వైపు వెళ్ళే రోడ్డు, పొద్దున్నే మంచులో మునిగిన గులాబీ తోటలు, వాటి వెనక ఒక ఆసుపత్రి, ఆ ఆసుపత్రి వరండా చివర మూడు గదులు. ఆ గదుల్లో బల్లలను బ్లీచింగ్ నీళ్ళతో తుడిచే అనసూయమ్మ. నిద్రలో నడిచే మనిషిలా, నెమ్మదిగా, ఎడమనుంచి కుడికి, ఒకసారి తుడిచిన చోట రెండోసారి గుడ్డ ఆనించకుండా.

డాక్టర్ అనసూయ మా ప్రయోగశాలకు పెద్ద. శంకర్‌పల్లిలో రైలు పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మన్ కూతురు. దూరాలు వెళ్ళి చదువుకుని, కొన్నేళ్ళు ఉత్తరాదిన పనిచేసి, మళ్ళీ తన ఊరి రైలుకూత వినిపించే దూరానికే వచ్చేసింది. జ్వరంతోనో మెదడువాపుతోనో వచ్చినవాళ్ళ నెత్తురులో, వెన్ను నీటిలో ఏ క్రిమి దాక్కుని ఉందో, దాని జన్యుపదార్థాన్ని బట్టి కనిపెట్టడం మా పని. పీసీఆర్ అంటారు. ఇప్పుడు ఆ పేరు వినని ఇల్లు లేదు. అప్పుడు మాత్రం ఎవరికి చెప్పినా 'కంప్యూటర్ పనా?' అని అడిగేవాళ్ళు. రోడ్డు పక్క పొలాల్లో ప్లాట్ల రాళ్ళు మొలుస్తున్న కాలం. కొత్తదేదైనా కంప్యూటరే అనుకునే కాలం.

అనసూయమ్మ గురించి మంచి మాటలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేనూ చెబుతాను. కానీ ఆమె నాకు చేసినవి కూడా చెబుతాను. వాటిలో ఒక్కటీ నేను మర్చిపోలేదు.

నేను చేరింది టెక్నీషియన్‌గా. డిప్లొమా ఉంది, మార్కులున్నాయి. అయినా మొదటి మూడు నెలలు నాచేత బల్లలు తుడిపించింది, సీసాలు కడిగించింది. నాతోపాటే చేరిన శ్రీకాంత్‌కు రెండో వారంలోనే చుక్కలు కొలిచే పిపెట్ చేతికిచ్చింది. అతను నగరం నుంచి వచ్చేవాడు, సాయంత్రాలు అమీర్‌పేటలో జావా నేర్చుకునేవాడు, మెడలో సెల్‌ఫోన్ వేలాడుతూ ఉండేది. నేను కనకమామిడి నుంచి షేర్ ఆటోలో వచ్చేదాన్ని. తేడా అక్కడే ఉందని అప్పుడు నాకు నమ్మకం. అడిగేశాను కూడా. ఆమె చేతిలో గుడ్డ ఆపకుండానే, "వానికి చెయ్యి తొందర, అందుకే ముందుగాల ఇచ్చిన, తప్పులు చేసి నేర్సుకుంటడు. నీకు తప్పంటె పడది. నువ్వు చూసి నేర్సుకో ఎస్తేరూ" అంది. పొగిడిందో తిట్టిందో తెలియలేదు. తిట్టిందనే అనుకున్నాను.

మూడు గదుల గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మొదటిది తెల్లగది. మందులు, శుద్ధమైన నీళ్ళు కలిపి చిన్న చిన్న గొట్టాల్లో పోసేది అక్కడ. రెండోది నడిమిగది. రోగి నుంచి తీసిన ద్రవం ఆ గొట్టాల్లో చేరేది అక్కడ. మూడోది చివరిగది. అందులో యంత్రం గొట్టాలను వేడిచేసి, చల్లార్చి, మళ్ళీ వేడిచేసి, వెతుకుతున్న క్రిమి తాలూకు ఒక్క పోగు ఉన్నా దాన్ని రెండు చేస్తుంది, రెండింటిని నాలుగు, నాలుగింటిని ఎనిమిది. రెండున్నర గంటలయ్యేసరికి కోట్లు. వాటిని పల్చటి జిగురు పలకలో పారించి, ఊదారంగు వెలుతురు మీద పెడితే, క్రిమి ఉన్నచోట నారింజరంగు గీత వెలుగుతుంది. ఆ గదిలో దీపాలు ఆర్పి ఆ గీతలకోసం చూడటం, చెరువు అడుగున ఎవరో దీపం పెట్టారేమోనని పైనుంచి వంగి చూస్తున్నట్టుండేది.

పని ఎప్పుడూ తెల్లగది నుంచి చివరిగదికే పారాలి. వాగు వెనక్కి పారదు కదా, అట్లా. చివరిగది గాలిలో, బల్ల మీద, మన చేతుల మీద ఆ కోట్ల పోగులు ఉంటాయి. అందులో ఒక్కటి తెల్లగదిలోకి వచ్చిందంటే అన్ని గొట్టాల్లోనూ పడుతుంది, అప్పుడు ఊళ్ళో ఉన్న రోగులందరికీ ఒకటే రోగం. ఇది తెలుసు. తెలిసినా నాలుగో నెలలో ఒకరోజు, చివరిగదిలో పని ముగించి, మర్చిపోయిన డబ్బా కోసం తెల్లగది దగ్గరికి వెళ్ళాను. అనసూయమ్మ లోపలినుంచి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడ్నే ఆగు."

"డబ్బా మర్శిన మేడమ్. ఒక్క నిమిషంల తీస్కొని పోత."

"ఆగమన్న గద. చివరిగదిలకు పోయొచ్చినవ్, ఇయ్యాలటికి ఈ గడప నీది గాదు. ఇంటికి పో, తానం చెయ్యి, రేపు ఉతికిన బట్టలల్ల రా."

"ఇంటికా? పదకొండు గూడ కాలే!"

"అయితే మంచిగ పండుకో."

శ్రీకాంత్ నవ్వాడు. ఇంటికి వెళ్ళి అమ్మకు చెబితే, "సావింటికి పోయొచ్చినోళ్ళను తానం జేసేదాక ఇంట్లకు రానియ్యం గద, గట్లనేనా మీ దవాఖానల?" అని తనూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా నానమ్మ కాలంలో మావాళ్ళు పెద్ద ఇళ్ళకు పనికి వెళ్తే గడప బయటే నిలబడి మాట్లాడేవారు. 'ఆడ్నే ఆగు' అన్న మాట మా ఇంట్లో మూడు తరాల కింద పడిన మాట. దాన్ని నేను చదువుకుని దాటాననుకున్నాను. ఆ రాత్రి అన్నం తినలేదు.

నెల తర్వాత, ఒక మధ్యాహ్నం, నేను తెల్లగదిలో గొట్టాలు సర్దుతున్నాను. అద్దం మీద చిన్నగా తట్టిన చప్పుడు. తలుపు అవతల అనసూయమ్మ నిలబడి ఉంది. చివరిగది నుంచి వచ్చినట్టుంది, చేతులు వెనక్కి పెట్టుకుంది. "నా చదివే అద్దాలు లోపల మర్శిన బిడ్డా. నేను రావద్దు. జర అందియ్యవా" అంది. మా అందరికీ పెద్ద, ఆ గదులు కట్టించిన మనిషి, గడప ఇవతల అడుగు పెట్టకుండా నిలబడి అడుగుతోంది. నేను వెంటనే ఇవ్వలేదు. చేతిలో పనంతా పూర్తిచేసి, నెమ్మదిగా వెతికి, తలుపు కొంచెం తీసి ఇచ్చాను. ఆమె అంతసేపూ అక్కడే, గులాబీ తోటల వైపు చూస్తూ, ఏదో పాట కూనిరాగం తీస్తూ నిలబడింది. అద్దాలు తీసుకుని "నియమం బాగ పట్టుకున్నవ్" అంది. నేను ఆలస్యం చేసింది ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని నాకు తెలుసు.

నా దగ్గర ఒక చిన్న డైరీ ఉండేది. చేవెళ్ళలో ఎరువుల దుకాణం వాళ్ళు మా నాన్నకు ఊరికే ఇచ్చింది, అరచేయంత, ఆకుపచ్చ అట్ట. నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో అందులో రాసుకునేదాన్ని. రాసుకుంటే గుండె బరువు దిగేది. చివరిగదిలో పలక పారుతున్నంతసేపు ఒక గంట ఖాళీ, అప్పుడు రాసేదాన్ని. పొద్దున్నే తెల్లగదిలో, గడ్డకట్టిన మందులు మంచు మీద కరిగేదాకా కాసేపు ఖాళీ, అప్పుడు ఇంకొంచెం. అనసూయమ్మ ఎన్నిసార్లో చూసింది. ఒకసారి యంత్రం పక్కన నిలబడి, "గీ మిషిన్ ఒక్కదాన్ని కోటి చేస్తదని ఇంత ఖర్చు పెట్టి తెప్పించిన. నీకు చెప్పితె ఊరికెనే చేసేటిదానివి" అంది. అది కూడా రాసుకున్నాను.

సుజాత వచ్చింది ఆ చలికాలంలోనే. మా ఊరే, నాకంటే రెండేళ్ళు చిన్న. జాకెట్లు కుట్టేది. మొదట తలనొప్పి అంది, తర్వాత సాయంత్రం పూట జ్వరం, తర్వాత కుట్టిన జాకెట్లకు చేతులు వెనకాముందు అతికించడం మొదలుపెట్టింది. అత్తను పట్టుకుని 'నువ్వెవరు' అని అడిగింది. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందన్నారు. నెల కిందట కామెర్లని ఊళ్ళో ఎవరో పసరు పోస్తే తాగింది, దాని వల్లనే మతి పోయిందని ఇంకొందరన్నారు. మొగుడు నర్సింలు సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్యాబ్ తోలేవాడు. ఆ క్యాబ్‌లోనే, వెనక సీట్లో పడుకోబెట్టి, కంపెనీకి చెప్పకుండా తెచ్చాడు.

వార్డు డాక్టరు వెన్ను నీరు తీయాలన్నాడు. నర్సింలు ఒప్పుకోలేదు. వెన్నులో సూది గుచ్చితే నడుము పడిపోతుందని మా వైపు అందరికీ ఒక నమ్మకం. అనసూయమ్మ వార్డుకు వెళ్ళి, బెంచీ మీద అతని పక్కన కూర్చుంది. నేను శాంపిల్ పెట్టె పట్టుకుని నిలబడ్డాను.

"ఏం బండి నీది?" అని అడిగింది.

"కంపెనీ బండి మేడమ్. పదిమంది ఎక్కుతరు."

"ఇంజన్ చప్పుడైతున్నదనుకో. బానెట్ ఎత్తకుంట బాగు చేస్తవా?"

"ఎట్ల చేస్త?"

"నేను గూడ గంతే అన్న. జర ఎత్తి సూస్త. ఒక్కపారే."

"ఒక్కపారేనా? మల్ల మల్ల గుచ్చుడు లేదు గద?"

"ఒక్కపారే" అంది ఆమె.

ఆ మాటే తర్వాత మమ్మల్ని కట్టిపడేసింది.

వచ్చిన నీరు కొంచెమే. అందులో సగం మొదటి పరీక్షకు వాడాం. వార్డు డాక్టరు అనుమానం ఒక వైరస్ మీద. పెదవి పక్కన పొక్కులు తెచ్చేదే, ఒక్కోసారి మెదడుకెక్కి మనిషినే మార్చేస్తుంది. దానికి మందుంది, అప్పటికే మొదలుపెట్టాడు కూడా. రెండో అనుమానం టీబీ. కానీ పసరు దెబ్బకు సుజాత కాలేయం సగం చెడి ఉంది, టీబీ మందులు గుడ్డిగా ఇస్తే అవే చంపుతాయని అతని భయం. "వైరసో కాదో తేల్చండి, దాన్ని బట్టి పోదాం" అన్నాడు. అందుకని ముందు వైరస్ కోసమే వెతికాం.

దీపాలు ఆర్పి పలక పెట్టాం. సుజాత గొట్టం ఉన్నచోట నారింజ గీత. నేను ఊపిరి వదిలాను. వైరసే, మందు నడుస్తూనే ఉంది, బతుకుతుంది. మా ఊరి పిల్ల. లేచి వార్డుకు ఫోన్ చేయబోయాను.

"కూసో" అంది అనసూయమ్మ. "చివర్ల సూడు."

ప్రతిసారీ వరసలో చివరి గొట్టంలో రోగి ద్రవం ఏదీ వేయం. ఉత్త నీళ్ళు. అక్కడ ఏమీ వెలగకూడదు. ఆ రోజు అక్కడ కూడా ఒక గీత ఉంది. పల్చగా, కానీ ఉంది.

"నీళ్ళకు గూడ మెదడువాపు వచ్చింది" అంది ఆమె. నవ్వలేదు.

నేను వాదించాను. సుజాత గీత దట్టంగా ఉంది, నీళ్ళది పల్చగా ఉంది, తేడా కనిపిస్తోంది కదా అన్నాను. డాక్టరు అనుమానించిందే వచ్చింది కదా అన్నాను. బయట నర్సింలు నిలబడి ఉన్నాడు, అతనికి ఏం చెప్పాలి అన్నాను. ఆమె అంతా విని, "తెల్వదని చెప్పాలె" అంది.

"తెల్సినాంక గూడ తెల్వదని ఎట్ల చెప్తం మేడమ్?"

"మనకు తెల్సిందనిపిస్తున్నది. తెల్వలేదు."

ఆమే వెళ్ళి చెప్పింది. నర్సింలు ఆసుపత్రి అంతా వినబడేలా అరిచాడు. ఒక్కసారే అని చెప్పి నీరు తీసి, ఇప్పుడు తెలియదంటారా అన్నాడు. రెండోసారి తీయనివ్వనన్నాడు. ఆమె అడగలేదు. మిగిలిన నీరు ఇంకొక్క ప్రయత్నానికి సరిపోతుంది, అంతే. నీళ్ళలో ఆ గీత ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా ఆ చివరి చుక్కలు వాడితే, మళ్ళీ నీళ్ళు వెలిగితే, ఇక ఎప్పటికీ తెలియదు.

నాకు మాత్రం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు. ముందురోజు చివరిగదిలో, అదే వైరస్ పోగులున్న ఒక గొట్టం మూత ఎగిరి, చుక్క బల్ల మీద పడింది. ఆ మూత బిగించింది శ్రీకాంత్. పడిన వెంటనే నేనే బల్ల తుడిచాను, కోటు మార్చాను, చేతులు కడిగాను. అతను మాత్రం సెల్‌ఫోన్ చెవికి పెట్టుకుని తిరిగాడు. ఆ ఫోన్ తెల్లగదిలోకి కూడా వెళ్తుంది. అందరి ముందూ అన్నాను. ఫోన్ నుంచి మొదలుపెట్టి ప్రతి వస్తువునూ పరీక్షించాలన్నాను. అనసూయమ్మ నా వైపు చూసి, "సరే, లిస్టు నువ్వే రాయి" అంది.

అంత ఇష్టంగా నేను ఏ పనీ చేయలేదు. వెలిగిన నీళ్ళ సీసా పక్కకు పెట్టి, కొత్త సీసా నీళ్ళతో తడిపిన దూదిపుల్లలు తీసుకుని ఒక్కొక్క వస్తువును తుడిచి, ఆ దూదిని గొట్టంలో ముంచి, దానికి నంబరు. తలుపు పిడి, ఫ్రిజ్ పిడి, పిపెట్లు, కుర్చీ చేతులు, గోడ ఫోను, శ్రీకాంత్ సెల్‌ఫోన్. "నా చెవులు గూడ తుడువుమంటవా అక్కా?" అన్నాడు శ్రీకాంత్. తుడిచేదాన్నే. పదహారు అయ్యాయి.

"ఇంకేమన్న మర్శినమా?" అంది అనసూయమ్మ.

"లేదు మేడమ్."

ఆమె చూపు నా కుర్తా జేబు మీద ఉంది. ఆకుపచ్చ అట్ట అంచు బయటికి కనిపిస్తోంది.

"అది నా సొంతది మేడమ్."

"తెల్లగదిలకు వస్తదా?"

"వస్తది."

"అయితే అందరిది."

శ్రీకాంత్ అప్పుడు నడిమిగదిలో ఉన్నాడు. ఆమె డైరీ తెరవలేదు. అట్ట మీద, కాగితాల అంచుల మీద దూది రాసి, మూసి నా చేతికే ఇచ్చింది. పదిహేడు.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురం ఊదా వెలుతురు చుట్టూ నిలబడ్డాం. ఆ చీకట్లో ముఖాలు లేవు, పలక ఒక్కటే నీళ్ళలో తేలుతున్నట్టు. సెల్‌ఫోన్ చోట చీకటి. తలుపు పిడి చీకటి. వరసగా చీకటి, చీకటి. చివర్లో ఒక్కచోట నారింజరంగు గీత, ఎవరో కొత్తగా వత్తి ఎగదోసిన దీపంలా, ఆ నెలలో మేం చూసిన గీతలన్నిటికంటే ప్రకాశంగా.

"పదిహేడు ఏంది?" అన్నాడు శ్రీకాంత్.

"ఒక పుస్తకం" అంది అనసూయమ్మ.

నాకు ఆ క్షణంలో అంతా అర్థమైంది. మూత ఎగిరిన సాయంత్రం, తుడిచినా పోగులు పూర్తిగా పోని ఆ బల్ల మీదే డైరీ పెట్టుకుని, శ్రీకాంత్ మూత సరిగా బిగించలేదని ఒక పేజీ నిండా రాశాను. ఇంటికి వెళ్ళి స్నానం చేశాను. ఉతికిన బట్టలు కట్టుకున్నాను. పుస్తకానికి స్నానం చేయించలేదు. పొద్దున్నే తెల్లగదిలో మంచు కరిగేదాకా దాన్ని తెరిచి, మిగిలిన కోపం రాసి, అదే చేత్తో నీళ్ళ సీసా మూత తీశాను.

ఆ ప్రయోగశాలలో ఒక పద్ధతి ఉండేది. పరీక్ష చెడితే, చెడగొట్టిన చెయ్యి ఎవరిదో వాళ్ళే కారణం రిజిస్టర్‌లో సొంత చేత్తో రాయాలి. శ్రీకాంత్ అప్పటికి నాలుగుసార్లు రాశాడు, చెరగని సిరాతో, నవ్వుతూ. నేను ఒక్కసారి కూడా రాయలేదు. అనసూయమ్మ రిజిస్టర్ తెరిచి, పెన్ను మూత తీసి నాకిచ్చింది.

"రాయి. రాసుడు నీకు అలవాటే గద" అంది.

ఆ ఎత్తిపొడుపుకు నాకు ఇప్పటికీ కోపమే. ఆ రోజైనా కొంచెం మెత్తగా అనవచ్చు. రాశాను. 'నా సొంత పుస్తకాన్ని చివరిగది నుంచి తెల్లగదిలోకి తెచ్చినందువల్ల.' ఎంతోమంది తప్పులు రాసిన చెయ్యి నాది. ఈ ఒక్క వాక్యానికి అక్షరాలు కుదరలేదు. తర్వాత డైరీని నేనే బ్లీచింగ్ నీళ్ళ బకెట్‌లో ముంచాను. నీలం సిరా పొగలా లేచి, విచ్చుకుని, చూస్తుండగానే రంగు లేకుండా పోయింది. పుస్తకం పోయింది గానీ, అందులోని వాటిలో ఒక్కటి కూడా నాకు మరుపు రాలేదు.

మూడో రోజు కొత్త నీళ్ళు, కొత్త మందులు, కడిగిన గది. మిగిలిన చుక్కలతో చివరి ప్రయత్నం. తెల్లగది పని ఎవరు చేయాలన్నప్పుడు, శ్రీకాంత్ చేస్తాడనే అనుకున్నాను. "ఎస్తేరు చేస్తది" అంది అనసూయమ్మ. "ఇయ్యాల దీనంత భయం ఎవ్వలికి లేదు." ఆమె గడప బయట నిలబడి, నేను చేసిన ప్రతి పనినీ అద్దంలోంచి చూసింది, ఆ కూనిరాగమే తీస్తూ. వైరస్‌కు ఒక వరస, టీబీకి ఒక వరస. ఈసారి నీళ్ళు రెండు వరసల్లోనూ చీకటిగా, నిర్మలంగా ఉన్నాయి. వైరస్ వరసలో సుజాత చోట కూడా చీకటే. టీబీ వరసలో, మనసు పెట్టి చూస్తేగానీ కనిపించనంత పల్చగా, ఒక గీత.

నేను మొదటి రోజు వార్డుకు చేయబోయిన ఫోన్ గుర్తొచ్చింది. ఆ ఫోన్ చేసి ఉంటే సుజాతకు వైరస్ మందే నడిచేది, టీబీ లోపల తన పని తాను చేసుకుపోయేది. అనసూయమ్మ తానే వార్డుకు నడిచి వెళ్ళింది. ఇప్పుడు తెగించడానికి ఆధారం దొరికింది కాబట్టి, డాక్టరు కాలేయాన్ని రోజూ చూసుకుంటూ, కొద్దికొద్దిగా టీబీ మందులు మొదలుపెట్టాడు. సుజాత బతికింది. నెలన్నరకు అత్తను అత్తగా గుర్తుపట్టింది. కానీ ఎడమ చెవి పూర్తిగా పోయింది. రోగం వల్ల పోయిందో, టీబీకి ఇచ్చిన సూదిమందు వల్ల పోయిందో, ఆ మూడు రోజుల వల్ల పోయిందో ఎవరూ చెప్పలేరని డాక్టరు అన్నాడు. నర్సింలు మాత్రం చెప్పాడు. "మూడు దినాలు ఆపిన్రు. గందుకే పోయింది" అని ఊరంతా చెప్పాడు. ల్యాబు వాళ్ళు, యంత్రం, అనసూయమ్మ, అందరినీ తిట్టాడు. నా పేరు ఎత్తలేదు. అతనికి తెలియదు.

అనసూయమ్మ తిట్లన్నీ పడింది. రిజిస్టర్ ఎవరికీ చూపించలేదు. నాతో మాత్రం ఒక మాట అంది. "మందు పని నాది, డాక్టర్ది. ఆ మూడు దినాల మాట నీది. పొయ్యి చెప్పు." నేను వెళ్ళలేదు. ఏడాది తర్వాత నేను వేరే చోట ఉద్యోగంలో చేరాను. నా పెళ్ళికి ఆమె రాలేదు. శ్రీకాంత్ పెళ్ళికి వెళ్ళింది. ఇది కూడా నాకు గుర్తుంది. కానీ ఎక్కడ కలిసినా, బస్టాపులోనైనా, కూరగాయల దగ్గరైనా, పలకరింపు కంటే ముందు "చెప్పినవా?" అని అడిగేది. మొదట సిగ్గుపడ్డాను, తర్వాత కోపం వచ్చింది, తర్వాత ఆమె కనిపిస్తే సందు మారడం మొదలుపెట్టాను. చివరికి ఆమెకు ఒంట్లో బాగాలేదని విని చూడ్డానికి వెళితే, మంచం మీదనుంచి అడగలేదు. మాట రాక అడగలేదు. చూసింది, అంతే. ఆ చూపు భరించలేక, అక్కడినుంచి నేరుగా కనకమామిడి వెళ్ళాను.

సుజాత ఇంటి ముందు నీడలో మిషన్ మీద కుడుతోంది. చుట్టూ పొలాలు పోయి ఫామ్‌హౌస్ గోడలొచ్చాయి, గోడల మీదనుంచి కాగితపు పూలు వంగి ఉన్నాయి. నర్సింలు బండి మీద వెళ్ళాడంది. నన్ను గుర్తుపట్టి, స్టూలు చూపించింది. కూర్చుని, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. మూత, డైరీ, నీళ్ళు, మూడు రోజులు. ఎవరి తప్పో. ఏళ్ళుగా లోపల తిప్పి తిప్పి అరగదీసిన వాక్యాలు. ఆమె కాలు తొక్కుతూనే ఉంది. మిషన్ చప్పుడు ఆగలేదు. చెప్పడం అయిపోయాక ఆమె తలెత్తి, నా పెదవులు కదలడం ఆగిందని చూసి, మిషన్ ఆపింది.

"అక్కా, ఆ దిక్కు చెవి ఇనవడది నాకు" అంది మామూలుగా. "ఇటు కూసోని చెప్పు."

లేచాను. స్టూలు తీసుకుని ఆమె కుడివైపుకు వెళ్ళి కూర్చున్నాను. మొదటినుంచి మళ్ళీ చెప్పాను. ఈసారి ఆ అరగదీసిన వాక్యాలు ఒక్కటీ రాలేదు. ఆగి ఆగి, ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పాల్సి వచ్చింది. ఆమె చివరిదాకా వింది. కోపం రాలేదు, ఏడవలేదు. చేతిలో బట్ట అంచు మడత పెడుతూ, "ఇది నాకు యాదికుంటది అక్కా" అంది.

"ఉండనీ" అన్నాను. మర్చిపొమ్మని అడిగే మనిషిని నేను కాదు.

తిరిగి వెళ్ళి చెప్పేలోపు అనసూయమ్మ వెళ్ళిపోయింది. ఆమె మీద నా ఫిర్యాదులు ఇంకా నాలుగైదు ఉన్నాయి, అవి అట్లాగే ఉన్నాయి. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలకు నామీద ఫిర్యాదులుంటాయి. వచ్చి చెబుతారు. చేతిలో పని ఆపి, చివరిదాకా వింటాను. ఆ మధ్యాహ్నం నుంచి నాకు ఒకటి తెలుసు. ఎక్కడో ఒక మనిషి మిషన్ తొక్కుతూ, నేను చేసినదాన్ని ఒక్క అక్షరం పోకుండా మోస్తోంది. ఆమె మరుపు లేకుండా మోస్తున్నంతకాలం, ఆ బరువులో రెండో కొస నా చేతిలో ఉండాలి.